లోవమ్మ నొప్పి

లెసన్ ప్లాన్ రాసుకోకుండా క్లాసులో అడుగుపెట్టిన రోజు సలోమి మేడం పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్కటీ లేదు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ కాలేజీలో ఆమె ట్యూటరు. పొడుగాటి రూళ్ల పుస్తకంలో స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసుకునేది. ఎన్ని నిమిషాలు, తానేం చేయాలి, పిల్లలేం చేయాలి, వాళ్లు నేర్చుకున్నారని తనకెలా తెలుస్తుంది. మొదటి మూడు గళ్లూ చకచకా నిండేవి. నాలుగో గడి దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగిపోయేది. అందులోనూ రోగి నొప్పిని అంచనా కట్టే పాఠం దగ్గర మరీను.

ఆ పాఠం చెప్పడం సులువే. నొప్పి ఎంతుందో రోగిని అడగాలి. సున్నా నుంచి పది దాకా అతనేం చెబితే ఆ అంకె చార్టులో వేయాలి. ముఖం చూడాలి, చేతులు చూడాలి, ఎలా పడుకున్నాడో చూడాలి. పరీక్షలో పిల్లలందరూ ఇది పొల్లు పోకుండా రాసేవాళ్లు. వార్డుకి వెళ్లాక మాత్రం మంచం చివర నిలబడి, మనిషి ముఖమైనా చూడకుండా "మూడు" అని గిలికేసి పక్క మంచానికి పోయేవాళ్లు. ఆ ఏడాది వేసవిలో ఒక ఆటో డ్రైవరు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, మూడో సంవత్సరం పిల్ల ఒకతె చార్టులో రెండు వేసింది. పేగు చిల్లుపడి మధ్యాహ్నానికల్లా అతను పోయాడు.

"అంతలా అరుస్తున్నాడు కదమ్మా, రెండని ఎలా వేశావు?" అని సలోమి నిలదీసింది.

ఆ పిల్ల ఏడుస్తూనే, "అందరూ అరుస్తారు కదా మేడం," అంది.

ఆ మాట సలోమి మనసులో దిగబడిపోయింది. తప్పు పిల్లది కాదనీ, తన పాఠానిదేననీ ఆమెకు అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మూడో అంతస్తులోని ఉమాపతి ఆమెను పిలిపించాడు. ఆయన డాక్టరు కాదు, వైద్య పరికరాలు తయారుచేసే ఇంజినీరు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల నొప్పి ఎంతో డాక్టర్లకు తెలిసేలా చేయాలని రెండేళ్లుగా కుస్తీ పడుతున్నాడు. రోగి మెడ వెనక రెండు వేళ్ల వెడల్పు పట్టీ ఒకటి అతికిస్తే, వెన్నులోంచి మెదడుకి పోయే నొప్పి జాడను అది పట్టుకునేది. ఇంకొకరి మెడకు అలాంటి పట్టీయే పెట్టి ఆ జాడను వదిలితే, దెబ్బా లేకుండా రోగమూ లేకుండా నొప్పి మాత్రం వచ్చేది.

"డాక్టర్లెవరూ పెట్టుకోనంటున్నారు సలోమిగారూ," అన్నాడు ఉమాపతి నవ్వుతూ. "మీకేమైనా పనికొస్తుందేమోనని."

సలోమి కుర్చీలో కూర్చుని పట్టీ పెట్టించుకుంది. మూత్రపిండంలో రాయి ఉన్న మనిషి నొప్పి అది. ఒక్క నిమిషమే. బల్ల అంచు పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడిపోయాయి. ఉమాపతి పట్టీ తీశాడు.

"ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడు?" అని ముందుగా అడిగింది.

"రాయి తీసేశారు. మొన్న శుక్రవారం ఇంటికెళ్లిపోయాడు."

ఆ మాట చెవిన పడగానే ఒంట్లో మిగిలిన బిగువు కూడా సడలిపోయింది. మంచినీళ్లు తాగి, "ఇది నాకు కావాలి," అంది సలోమి.

కొత్త లెసన్ ప్లాన్ రాయడానికి ఆమెకు వారం పట్టింది. మొదటి పది నిమిషాలు మాటలు. తర్వాత రెండు నిమిషాలు పట్టీ, అదీ అసలు నొప్పిలో సగానికి తగ్గించి. ఎక్కడ, ఎలా నొప్పి పుట్టిందో పిల్లలు ఎవరి మాటల్లో వాళ్లు రాయడానికి పది నిమిషాలు. ఒకరినొకరు రోగిలా, నర్సులా ప్రశ్నించుకోవడానికి మరో పదమూడు. చివరి ఐదు నిమిషాల్లో ఆ నొప్పి ఎవరిదో, తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో తాను చెబుతుంది. ఈ ఐదు నిమిషాలూ ఆమె మర్యాద కోసం పెట్టింది. ఒకరి బాధను వాడుకుని, వాళ్ల సంగతి చెప్పకుండా ఊరుకుంటే బాగుండదనుకుంది, అంతే. రోగుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు, పేర్లు రాయరు, అంకెలే ఉంటాయి. మూత్రపిండంలో రాయి ఒకటో నంబరు. విరిగిన మణికట్టు రెండు. తొలి కాన్పు ఐదు.

నెల తిరిగేసరికి వార్డుల్లో తేడా కనిపించింది. పిల్లలు మంచం చివర కాకుండా రోగి తల దగ్గర నిలబడుతున్నారు. దిండు సర్దబోయే ముందు "కదిపితే నొప్పేస్తుందా?" అని అడుగుతున్నారు. కాలు తీసేసిన ఒక పెద్దాయన సలోమి చెయ్యి పట్టుకుని, "మీ పిల్లలు నేను సెప్పకముందే కనిపెట్టేత్తన్నారమ్మా," అన్నాడు. ఆ పూట ఆమె నాలుగో గడిలో ఆ మాటే ఉన్నదున్నట్టు రాసుకుంది.

ఆ సంతోషం ఇంటిదాకా వచ్చేది. భర్త ఐజాక్ పోస్టాఫీసు గుమాస్తా. మోకాలి నొప్పి మనిషి. అన్నం వడ్డిస్తూ, "మోకాలు ఇవాళ పదిలో ఎంతండీ?" అని అడిగేది.

"నువ్వు అడగకముందు నాలుగు. అడిగాక ఆరు," అనేవాడాయన. "ఇంట్లో కూడా మార్కులేనా సలోమీ? కాస్త మజ్జిగ పొయ్యి."

మూడో సంవత్సరంలో ఉమ్మిడి సత్యవేణి అని ఒక అమ్మాయి ఉండేది. ఉప్పాడ పిల్ల. తండ్రి పడవలో వేటకెళతాడు, తల్లి పైడితల్లి చేపల గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. చదువులో మధ్యస్థం, మాట నెమ్మది. పట్టీ తీశాక మిగతా పిల్లలు చేతులు విదిలించుకుని, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని నవ్వేసేవాళ్లు. సత్యవేణి నవ్వేది కాదు. సలోమి కథ మొదలుపెట్టేదాకా ఆగలేక చెయ్యెత్తేది.

"మేడం, ఆ మనిషికి ఇప్పుడు తగ్గిందా?"

"తగ్గిందమ్మా. ఇంటికెళ్లిపోయింది. మగపిల్లాడు."

అప్పుడు గాని ఆ పిల్ల భుజాలు కిందికి దిగేవి కావు. అది చూసి, మంచి నర్సవుతుందని సలోమి మురిసిపోయేది. అంతకుమించి ఆలోచించలేదు.

పట్టీ సంగతి నలుగురికీ పాకింది. డిసెంబరులో ఐదు కాలేజీలవాళ్లు పాఠం చూడడానికి వస్తున్నారని ప్రిన్సిపాల్ కబురు పెట్టింది. "కొంచెం గట్టి పాఠం చెప్పండి సలోమీ. రాళ్లూ కాన్పులూ అందరికీ తెలిసినవే."

గట్టి పాఠమంటే ఏమిటో సలోమికి తెలుసు. ఎముకలకు పాకిన క్యాన్సరు. నెలల తరబడి మనిషిని తినేసే నొప్పి. మార్ఫిన్ ఇవ్వాల్సిన వేళకి ఇవ్వకుండా, అలవాటు పడిపోతారేమోనని గంటలు గంటలు వాయిదా వేసే నర్సుల్ని ఆమె చాలామందినే చూసింది. తన పిల్లలు అలా కాకూడదు. ఉమాపతి దగ్గర పద్నాలుగో నంబరు జాడ ఉంది. నలభై రెండేళ్ల ఆడమనిషి, ఎడమ తుంటి ఎముక. జాడ తీసుకున్న మూడు వారాలకు ఆమె చనిపోయింది.

ప్లాన్‌లో చివరి ఐదు నిమిషాల దగ్గరికి వచ్చి సలోమి చాలాసేపు కూర్చుండిపోయింది. ఈసారి "ఇంటికెళ్లిపోయింది" అని చెప్పడానికి లేదు. మొదట ఒకటి రాసింది, చెరిపింది. ఆఖరికి "మందు వేళకి ఇవ్వడం గురించి" అని రాసి ఊరుకుంది. ఏం చెప్పాలో క్లాసులో తోచకపోదనుకుంది.

ఆ రోజు చూడవచ్చినవాళ్లు పావుగంట ఆలస్యంగా దిగారు. పూలగుత్తులిచ్చి ఫొటోలు తీసుకునేసరికి ఇంకాస్త పోయింది. సలోమి మాటలు కుదించింది, పట్టీ మాత్రం అనుకున్నంతసేపూ పెట్టింది. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా ఎడమ పక్కకి ఒరిగిపోయారు. ఎవరూ అరవలేదు. ఆ నొప్పిలో అరిచే ఓపిక కూడా ఉండదని వాళ్లకు ఒంటితో తెలిసింది. చూడవచ్చినవాళ్లలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పిల్లలు రాశారు, ఒకరినొకరు ప్రశ్నించుకున్నారు. సలోమి బోర్డు దగ్గరికి వెళ్లి మాట మొదలుపెట్టేలోగా గంట కొట్టేశారు.

సత్యవేణి చెయ్యెత్తే ఉంది. "మేడం, ఆవిడకి..."

"రేపు చెబుతానమ్మా," అంది సలోమి.

గంట మోగినందుకు ఆమెకు లోలోపల హాయిగా అనిపించింది. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. మర్నాడు వార్డు డ్యూటీలు, ఆ మర్నాడు క్రిస్మస్ సెలవులు. రేపు రానే లేదు.

సెలవులయ్యాక సత్యవేణి స్టాఫ్ రూం గుమ్మం పట్టుకుని నిలబడింది. మనిషి సగమైంది. ఎడమ కాలు ఈడుస్తోంది.

"పోలేదు మేడం. ఆ రోజు నుంచీ ఉంది. ఇంకా పెరిగింది."

సలోమి ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. చేతిలో పుస్తకం బల్ల మీద పడేసి, పిల్లని తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఎక్కడ, ఎలా, ఎప్పుడెక్కువ అని పిల్లలకు నేర్పిన ప్రశ్నలన్నీ తానే అడిగింది. ఒక్కో జవాబూ పద్నాలుగో నంబరు కేసు షీటులో ఉన్నట్టే ఉంది. అప్పుడు చెప్పింది, చెప్పాల్సిన మాట. "ఆవిడ చనిపోయిందమ్మా."

"నొప్పి తగ్గాకే పోయారా మేడం?"

"నాకు తెలియదు తల్లీ."

సత్యవేణి తల వంచుకుంది. "తగ్గలేదనుకుంటానండి," అంది.

ఎక్స్‌రే తీశారు, స్కానింగ్ చేశారు. తుంటి ఎముక శుభ్రంగా ఉంది. ఎముకల డాక్టరు బలానికి మాత్రలు రాశాడు. పరీక్షల భయమని హాస్టల్ వార్డెన్ తేల్చింది. విషయం బయటికి పొక్కనివ్వొద్దని ప్రిన్సిపాల్ సలోమి చెవిలో ఊదింది. పరికరం తప్పు చేసిందని ఉమాపతి మాత్రం వారం రోజులు తిండి మానేసి దాన్ని విప్పి చూశాడు. పరికరంలో ఏ లోపమూ లేదు.

"నొప్పి ఎప్పుడో పోయింది సలోమిగారూ. మెదడు దాన్ని వదలడం లేదు," అన్నాడు. "మిగతావాళ్లు అంతు తెలియకపోయినా మర్చిపోయారు. ఈ పిల్ల ఇంకా దాని అంతు కోసం చూస్తోంది."

"అయితే అంతు ఇద్దాం."

ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. అలాంటి రోగంతోనే ఉన్న ఇంకొకరికి మార్ఫిన్ ఎక్కుతుండగా, నొప్పి జారిపోతున్నప్పటి జాడను నలభై నిమిషాలపాటు పట్టారు. సత్యవేణిని లాబొరేటరీలో మంచం మీద పడుకోబెట్టి దాన్ని పెట్టారు. కొద్దిసేపటికి ఆమె నుదుటి ముడతలు విడిపోయాయి. ఊపిరి నిదానమైంది. ఉమాపతి సలోమి వైపు చూసి తల ఊపాడు. సలోమి మనసులో ప్రార్థన చేసుకుంటోంది.

పట్టీ తీశాక సత్యవేణి కళ్లు తెరిచింది.

"హాయిగానే ఉంది మేడం. కానీ ఇది ఆవిడది కాదు. ఎవరో మగాయన. అప్పుడే గడ్డం గీయించుకున్నట్టు చెంప చురచురమంటోంది." ఎడమ పక్కకి ఒత్తిగిల్లబోయి ఆగిపోయింది. "ఆయనకి తగ్గింది. ఆవిడకి అలాగే ఉంది."

ఫిబ్రవరిలో పైడితల్లి వచ్చి కూతుర్ని ఇంటికి తీసుకుపోయింది. తిట్టలేదు, గొడవ చేయలేదు. "నడిసి వచ్చిన పిల్ల కదమ్మా," అని మాత్రం అంది ఆటో ఎక్కిస్తూ. కాలేజీవాళ్లు పట్టీని మానలేదు. కోలుకున్నవాళ్ల నొప్పులే వాడాలని ఒక నియమం పెట్టి ముందుకి సాగారు. ప్రతి నొప్పీ తగ్గిపోతుందని ఈ పిల్లలు నమ్మి వార్డుకి వెళతారు కాబోలు అనుకుంది సలోమి. ఆ క్లాసు తనకొద్దని రాసిచ్చేసింది. ఆరుగురేసి పిల్లల్ని వెంటబెట్టుకుని రోగుల మంచాల పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. దానివల్ల వాళ్లెంత నేర్చుకుంటారో ఆమెకే నమ్మకం లేదు.

ఐజాక్ రెండు వారాలు ఊరుకుని చూశాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్న భార్యతో ఒక రోజు, "ఆ పోయినావిడకి మనుషులెవరూ లేరా?" అన్నాడు.

సలోమి తలెత్తింది.

"ఆఖరున ఏమైందో మీ కాగితాల్లో ఉండదు గాని, పక్కనున్న మనిషికి తెలుస్తుంది కదా," అన్నాడాయన.

అనుమతి పత్రం మీద చిరునామా ఉంది. మార్చి మొదటి ఆదివారం సలోమి అంబాజీపేట బస్సెక్కింది. ఆఖరి గంటల్లోనైనా ఆవిడ నెమ్మదించి ఉంటే, ఆ కబురు మోసుకెళ్లి సత్యవేణికి ఇవ్వాలని ఆశ. ఒక్క పిల్ల కోసం ఆమె వేసుకున్న పాఠం అది.

చనిపోయినావిడ భర్త మట్టపర్తి రాఘవులు కొబ్బరికాయలు ఒలిచే కూలీ. ఆమె వెళ్లేసరికి కొబ్బరికాయల డిపోలో, నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి పీచు తీస్తున్నాడు. ఆసుపత్రి పేరు వినగానే తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పీచుకుప్ప పక్కన స్టూలు వేశాడు. సలోమి దాచకుండా అంతా చెప్పింది. అతను కదలకుండా విన్నాడు.

"ఆఖరి రోజున... ఆవిడకి కాస్తయినా తగ్గిందాండీ?"

"లేదండి." రాఘవులు నేల చూపులు చూశాడు. "అబద్ధం సెప్పలేనండి. ఊపిరి పోయేదాకా పళ్లు కరుసుకునే ఉంది."

సలోమి ఆశ అక్కడితో సరి. లేచి నిలబడింది. రాఘవులు కూడా లేచాడు గాని, ఏదో అడగాలని తటపటాయిస్తున్నాడు.

"ఆ పిల్లని నేనోసారి సూడొచ్చాండి?"

"ఎందుకండీ?"

"మా లోవమ్మది ఇంకేం మిగల్లేదండి. ఫొటో ఒకటి, సీరలు రెండు. అవీ మా సెల్లెలు అట్టుకెళ్లిపోయింది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఆ పాప దగ్గర కొంచెం ఉందన్నారు కదండీ."

ఆ తర్వాతి ఆదివారం వాళ్లిద్దరూ ఉప్పాడ వెళ్లారు. సముద్రం కోసేయగా మిగిలిన వీధిలో పైడితల్లి ఇల్లు చివరిది. ముందు గదిలో మడత మంచం మీద సత్యవేణి గోడ వైపు తిరిగి పడుకుంది. వచ్చినాయన ఎవరో సలోమి చెప్పగానే, చేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

రాఘవులు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. పైడితల్లి వైపు తిరిగి, "అమ్మా, రాళ్లుప్పు ఉందాండి? ఓ పాత గుడ్డ కూడా ఇప్పించండి," అన్నాడు. తానే పొయ్యి దగ్గర కూర్చుని మూకుట్లో ఉప్పు వేయించాడు, మూట కట్టాడు, అరచేతిలో వేడి సరిచూసుకున్నాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, తుంటి ఎముక అంచుకి రెండు వేళ్ల కింద మూట ఆనించాడు.

"ఇక్కడే కదమ్మా?"

సత్యవేణి ఉలిక్కిపడింది. నలుగురు డాక్టర్లు వేళ్లతో వెతికిన చోటు అది, ఒక్కరికీ దొరకలేదు.

"ఇక్కడేనండి."

అతను కాపడం పెడుతుండగా సత్యవేణి అడిగింది. "ఆవిడ పేరేంటండి? మాకు నంబరే చెప్పారు."

"లోవమ్మండి. తలుపులమ్మ లోవలో మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరెట్టారంట. నేను లోవా అనేవోణ్ణి." మూట ఇటు నుంచి అటు తిప్పి ఆనించాడు. "పాటలంటే ఇట్టం. గొంతు బాగోదు గాని, ఆపేది కాదు. సివరి ఆర్నెల్లూ పాడలేదు."

సత్యవేణి కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు.

"ఓ మాట అడుగుతానమ్మా, ఏవనుకోకు," అన్నాడు రాఘవులు. "ఎంత నొప్పి ఉండేది తనకి? నేను పనికి ఎల్లిపోయేవోణ్ణి. ఇంట్లో ఉంటే సూడలేక ఎల్లిపోయేవోణ్ణి. తనెప్పుడూ సరిగ్గా సెప్పలేదు. మందు ఇమ్మని ఇంకా గట్టిగా ఆళ్లనీ ఈళ్లనీ అడగాల్సిందేమో. నీకు తెలుసు కదా, సెప్పు తల్లీ."

ఆ అంకె సలోమికి తెలుసు. ఆ మనిషికి అది చెప్పకూడదు. కానీ నొప్పిని ఉన్నదున్నట్టు చెప్పాలని మూడేళ్లుగా ఈ పిల్లకి నూరిపోసింది తానే. నోరు తెరవబోయి ఆగిపోయింది.

సత్యవేణి కొంచెంసేపు రాఘవులు చేతుల వైపు చూసింది. పీచు ఒలిచి ఒలిచి పగిలిపోయిన వేళ్లు.

"ఓర్చుకోగలిగినంతేనండి," అంది. "పొద్దున్న కాస్త ఎక్కువ. మీరు ఇలా కాపడం పెట్టారంటే చాలా నెమ్మదించేది. మీ చెయ్యి పడగానే తెలుస్తోంది."

"నిజంగానా అమ్మా?"

"ఆయ్, నిజమేనండి. ఇప్పుడు కూడా తగ్గిపోయింది."

రాఘవులు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఎవరినీ పట్టించుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుపయ్యాక పైడితల్లి ఇచ్చిన టీ తాగాడు. పోతూ పోతూ సత్యవేణి తల మీద చెయ్యి పెట్టాడు. అతని నడక వచ్చినప్పటికంటే తేలిగ్గా ఉంది.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సలోమి మంచం మీద కూర్చుంది.

"ఎంతమ్మా ఇప్పుడు?"

"తొమ్మిది మేడం," అంది సత్యవేణి పళ్ల మధ్య నుంచి. "ఆయన ఉన్నంతసేపూ తొమ్మిదే."

చల్లారిపోయిన మూట పైడితల్లి చేతిలోంచి తీసుకుని, సలోమి తానే వెళ్లి మళ్లీ వేడి చేసుకొచ్చింది. కాకినాడ బస్సులు రెండు వెళ్లిపోయాయి. మూడోదీ పోయింది.

సత్యవేణి మళ్లీ కాలేజీకి రాలేదు. రాఘవులు మాత్రం నెలకోసారి నాలుగు కొబ్బరికాయలు పట్టుకుని ఉప్పాడ వచ్చి, నొప్పి మళ్లీ రాకుండా ఉండాలని కాపడం పెట్టి వెళ్లేవాడు. ఆ పిల్ల నొప్పి తొమ్మిది నుంచి ఐదుకి దిగడానికి రెండేళ్లు పట్టింది. దిగిన రోజున సత్యవేణి సలోమికి ఫోన్ చేసి చెప్పింది. రాఘవులుకి చెప్పడానికి వీల్లేకపోయింది. అతనికి తెలిసినంతలో అది మొదటి రోజే తగ్గిపోయింది.